కాంటా స్లిప్పులో ఒక టైం, కెమెరాలో ఇంకో టైం: నెట్‌వర్క్ గడియారాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మిర్యాలగూడలో మీ రైస్ మిల్లుకు వచ్చిన వడ్ల లారీకి కాంటా స్లిప్పు మీద 11:42 అని పడింది. అదే లారీ కాంటా మీద నిలబడ్డ వీడియోలో 11:35 అని ఉంది. తూకంలో తేడా వచ్చి మాటా మాటా పెరిగాక, డ్రైవరు "ఈ వీడియో నా తూకానిది కాదు" అని అడ్డం తిరిగాడు. దాంతో నువ్వు కాంటా కంప్యూటర్‌కు నెట్‌వర్క్ టైం పెట్టావు. ఇప్పుడది సర్వర్‌తో తేడా 3 మిల్లీసెకన్లే అని చూపిస్తోంది. ఆ లెక్కను నమ్మొచ్చా అనీ, ఉపగ్రహాల నుంచి టైం తీసుకునే జీపీఎస్ గడియారం కొనమని ఒకతను వెంటపడుతున్నాడు, కొనాలా అనీ అడిగావు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 3 మిల్లీసెకన్లు నీ గడియారంలో ఉన్న అసలు తప్పు కాదు. అసలు తప్పు దానికి ఐదారు రెట్లు ఉండొచ్చు. అయినా నీ పనికి ఆ కచ్చితత్వం అవసరానికి మించే ఉంది. జీపీఎస్ ఇప్పుడు కొనకు. గొడవ కాంటా కంప్యూటర్‌తో కాదు, కెమెరాలతో. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టూ ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తూ ఇదే పొరపాటు చాలాచోట్ల చూశాను.

ఆ 7 నిమిషాలు ఎక్కడివి? కెమెరా రికార్డర్ లోపల చేతి గడియారంలో ఉండేలాంటి చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్పు ఆ కంపనాలు లెక్కపెట్టి టైం నడుపుతుంది. మామూలు స్ఫటికం పది లక్షల్లో 20 వంతుల వరకు అటూ ఇటూ ఉండడం సహజం. వినడానికి ఇదేం పెద్ద లెక్క అనిపిస్తుంది గానీ, రోజుకు 86,400 సెకన్లు కదా, గుణిస్తే రోజుకు 1.7 సెకన్లు వస్తుంది. నెలకు యాభై సెకన్ల పైమాటే. కెమెరాలు పెట్టించి ఎనిమిది నెలలైందని రాశావు. ఎనిమిది నెలలకు దాదాపు 7 నిమిషాలు. రికార్డర్ చెడిపోలేదు, ఎవరూ టైం మార్చలేదు. దాని మానాన దాన్ని వదిలేశారు, అంతే.

దీనికి మన ఎండ తోడైంది. ఈ రకం స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. అక్కడి నుంచి వేడి పెరిగినా, చలి పెరిగినా అది నెమ్మదిస్తుందే తప్ప వేగం అందుకోదు. 45 డిగ్రీల దగ్గర ఆ నెమ్మది పది లక్షల్లో 13, 14 వంతులు ఉంటుంది. ఇంకో పది డిగ్రీలు పెరిగితే ఏకంగా 30 వంతులు దాటుతుంది. మే నెలలో మీ మిల్లు తలుచుకో. పక్కన బాయిలర్, పైన రేకులు, గోడకు బిగించిన ఇనప డబ్బాలో రికార్డర్, అందులో రాత్రింబవళ్లు తిరిగే హార్డ్ డిస్క్. లోపల 55 డిగ్రీలంటే వింతేమీ కాదు. ఆ వేడి ఒక్కదానికే రోజుకు రెండున్నర సెకన్లు వెనకబడుతుంది. మీ కెమెరా టైం ముందుకు పోకుండా వెనకబడడానికి ఇదే కారణమై ఉంటుందని నా అనుమానం. ఆ డబ్బాకు గాలి ఆడే చిల్లులు పెట్టించు, హార్డ్ డిస్క్ ప్రాణం కూడా దక్కుతుంది.

ఇక 3 మిల్లీసెకన్ల సంగతి. నెట్‌వర్క్ టైం అంటే సర్వర్ "ఇప్పుడు టైం ఇంత" అని చెప్పడం, మనం పెట్టుకోవడం అనుకుంటారు చాలామంది. చెప్పిన మాట మన దగ్గరికి చేరేలోపే పాతబడుతుంది. ఎంత పాతబడిందో కనుక్కోవడమే అసలు కష్టం.

నువ్వు పొలంలో బాయి దగ్గర ఉన్నావనుకో. నీ గడియారం మీద నమ్మకం లేదు. ఊళ్లో పంచాయతీ ఆఫీసు గడియారం సరైనది. ఒక పిల్లవాణ్ణి పంపించావు. వాడు బయలుదేరినప్పుడు నీ గడియారంలో 10:00. తిరిగొచ్చినప్పుడు 10:20. వాడు అక్కడ చూసిన టైం 10:13. పోను పది, రాను పది నిమిషాలు పట్టి ఉంటుంది అనుకుంటావు. అంటే వాడు ఆఫీసు గడియారం చూసినప్పుడు నీ గడియారంలో 10:10 అయి ఉండాలి, కాబట్టి నువ్వు 3 నిమిషాలు వెనక ఉన్నావు. లెక్క బాగానే ఉంది. కానీ వాడు పోయేటప్పుడు ఎవరిదో బండి ఎక్కి ఐదు నిమిషాల్లో చేరి, వచ్చేటప్పుడు గోలీలాట చూస్తూ పదిహేను నిమిషాలు చేశాడనుకో. అప్పుడు నువ్వు వెనక ఉన్నది 3 కాదు, 8 నిమిషాలు. నీ చేతిలో ఉన్న అంకెలు మాత్రం మారలేదు: 10:00, 10:13, 10:20. వాటిని ఎంత తిరగేసినా పోయిన టైం, వచ్చిన టైం విడివిడిగా బయటపడవు.

నెట్‌వర్క్ మీద టైం కలిపే పద్ధతిని ఎన్‌టీపీ అంటారు, అది చేసేది సరిగ్గా ఇదే. కంప్యూటర్ తాను అడిగిన టైం రాస్తుంది, సర్వర్ ప్రశ్న అందిన టైం, జవాబు పంపిన టైం రాస్తుంది, జవాబు అందాక కంప్యూటర్ మళ్లీ రాస్తుంది. ఈ నాలుగు అంకెల నుంచి తేడా తీస్తుంది. పోను రాను దారి సమానం అనుకుని తీస్తుంది. సమానం కాకపోతే ఆ రెంటి మధ్య తేడాలో సగం తప్పుగా మిగిలిపోతుంది, ఆ తప్పు తెరమీద కనపడదు. అయితే ఎంత లేదన్నా మొత్తం రాకపోకల టైంలో సగానికి మించి తప్పు ఉండదు. పిల్లవాడి ఉదాహరణలో ఇరవై నిమిషాల్లో సగం, పది నిమిషాలు. నువ్వు పట్టుకోవాల్సిన అంకె ఈ సగం, ఆ 3 కాదు.

దీని మొదటి రూపాన్ని డేవిడ్ మిల్స్ అనే ఆయన 1985లో బయటపెట్టారు. తర్వాత డెలావేర్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు దాన్ని మెరుగుపరిచారు. పుట్టుకతోనే చూపు సమస్య ఉన్న మనిషి. 2024 జనవరిలో పోయారు. మిల్లు కంప్యూటర్ నుంచి బ్యాంకు సర్వర్ దాకా అన్నీ ఇవాళ్టికీ ఆయన వేసిన దారిలోనే టైం దిద్దుకుంటున్నాయి.

ఆయన పెట్టిన ఒక తెలివైన ఏర్పాటు చెప్తాను. పిల్లవాణ్ణి ఒక్కసారి పంపి నమ్మకూడదు. ఎనిమిది సార్లు పంపి, అందరికన్నా తొందరగా తిరిగొచ్చిన సారి చెప్పిందే లెక్కలోకి తీసుకోవాలి. తొందరగా వచ్చాడంటే దారిలో ఎక్కడా ఆగలేదన్నమాట, ఆగకపోతే పోను రాను దాదాపు సమానం. ఎన్‌టీపీ చివరి ఎనిమిది కొలతలు దగ్గర పెట్టుకుని సరిగ్గా ఇదే చేస్తుంది.

ఇప్పుడు నీ కంప్యూటర్‌లో చూడాల్సింది. నేను లైనక్స్ మీద క్రోనీ అనే టైం కలిపే ప్రోగ్రాం వాడతాను, అందులో ట్రాకింగ్ అని కొడితే ఒక పట్టీ వస్తుంది. మొన్న నల్లగొండలో ఫైబర్ లైన్ మీద చూసినప్పుడు అందులో సిస్టం టైం తేడా 0.000041 సెకన్లు అని ఉంది. అది చూసి 41 మైక్రోసెకన్ల కచ్చితత్వం అని మురిసిపోయే కుర్రాళ్లను చూశాను. అదే పట్టీలో కిందకి వస్తే రూట్ డిలే (అసలు గడియారం దాకా రాకపోకల టైం) 0.038412, రూట్ డిస్పర్షన్ (దారిలో పేరుకుని ఉండగల తప్పు) 0.001870 అని ఉన్నాయి. రూట్ డిలేలో సగం, దానికి డిస్పర్షన్, దానికి సిస్టం టైం తేడా కలపాలి. కలిపితే 0.0211. అంటే 21 మిల్లీసెకన్లు. "నా గడియారం 21 మిల్లీసెకన్లకు మించి తప్పు ఉండదు" అని మాత్రమే ఆ కంప్యూటర్ పక్కాగా చెప్పగలదు. మామూలుగా అంతకన్నా బాగానే ఉంటుంది, కానీ ఎంత బాగుందో బయట ఇంకో గడియారం లేకుండా తేల్చలేం.

నాకు ఆ బయటి గడియారం ఉండేది కాబట్టి ఒక కొలత చెప్తాను. ఐదేళ్ల కిందట ఆఫీసు డాబా మీద జీపీఎస్ యాంటెన్నా పెట్టి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి, సెకను సెకనుకు అది ఇచ్చే పల్స్‌తో పోల్చి చూశాను. ఫైబర్ మీద ఢిల్లీ సర్వర్‌తో తేడా ఒకటి రెండు మిల్లీసెకన్లు. చాలా బాగుంది. అదే సర్వర్‌ను 4జీ డాంగిల్ మీద రాత్రి ఎనిమిదింటికి అడిగితే, రాకపోకలకు 90 మిల్లీసెకన్లు పట్టింది, అందులో పోవడానికే 68, రావడానికి 22. లెక్క ప్రకారం 23 మిల్లీసెకన్లు తప్పు. కంప్యూటర్ మాత్రం తేడా 2 మిల్లీసెకన్లే అని చూపిస్తూ ఉంది. మొబైల్ నెట్‌లో పైకి పంపడానికి ఫోన్ ముందు టవర్‌ను అడిగి వంతు తీసుకోవాలి. కిందికి వచ్చేదానికి ఆ ఆలస్యం లేదు. అందుకే ఆ దారి ఎప్పుడూ ఒకవైపు ఒరుగుతుంది.

మీ మిల్లులో ఇంకో కారణం కూడా ఉంటుంది. మీ సేటు హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో కెమెరాలు చూస్తాడని రాశావు. ఆ వీడియో అంతా మీ లైన్‌లో పైకి పోతుంది. పైకి పోయే దారి నిండితే టైం అడిగే చిన్న ప్యాకెట్ కూడా ఆ వరుసలో నిలబడుతుంది. పోవడానికి 400 మిల్లీసెకన్లు, రావడానికి 20 పడితే, తప్పు 190 మిల్లీసెకన్లు. ఐదారు నిమిషాలు చూస్తే ఎనిమిది కొలతల జల్లెడ కాపాడుతుంది. పొద్దంతా చూస్తూ ఉంటే జల్లెడ కూడా ఏమీ చేయలేదు. రౌటర్‌లో పైకి పోయే వీడియోకు ఒక హద్దు పెట్టు.

ఇంత చెప్పి మళ్లీ నీ పని దగ్గరికే వస్తాను. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. బొమ్మ మీద పడే టైంలో సెకన్ల వరకే ఉంటుంది. లారీ కాంటా ఎక్కి దిగడానికి నిమిషాలు పడుతుంది. నీకు ఒక సెకను లోపు వస్తే చాలు, డ్రైవరు నోరు మూతపడుతుంది. 21 మిల్లీసెకన్లా, 3 మిల్లీసెకన్లా అన్నది నీ గొడవ కాదు. నీకు కావాల్సింది గేటు కంప్యూటర్, కాంటా కంప్యూటర్, రికార్డర్, కెమెరాలు అన్నీ ఒకదానితో ఒకటి కలవడం.

అందుకు అన్నిటినీ విడివిడిగా ఇంటర్నెట్‌కు వదలకు. మిల్లులో పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దాని మీద లైనక్స్, క్రోనీ వేసి లోపలి టైం సర్వర్‌గా పెట్టు. అదొక్కటే బయట అడగాలి, మిగతావన్నీ దాన్ని అడగాలి. లోపలి కేబుల్ మీద రాకపోకలు ఒక మిల్లీసెకను లోపే, దాంట్లో సగం అంటే లెక్కలోకి రాదు. ఇంటర్నెట్ రెండ్రోజులు పోయినా అన్నీ కలిసే ఉంటాయి, తప్పినా అన్నీ ఒకే లెక్కన తప్పుతాయి. అయితే బయటి సర్వర్లు దొరకకపోయినా జవాబివ్వు అని క్రోనీకి ఒక వరుస రాయాలి. అది రాయకపోతే కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు, బయట నెట్ లేకుంటే, అది ఎవరికీ టైం చెప్పదు.

బయట అడగడానికి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ (ఎన్‌పీఎల్) సర్వర్ ఉంది. మన భారత ప్రామాణిక సమయాన్ని సీసియం అణు గడియారాలతో నడిపేది వాళ్లే. టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ అని ఇవ్వు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వాళ్లవి సమయ్1, సమయ్2 అని రెండున్నాయి. నాలుగోది ఎన్‌టీపీ పూల్ అనే, అందరికీ ఉచితంగా టైం చెప్పే సర్వర్ల గుంపు నుంచి తీసుకో. నాలుగు ఎందుకంటే, రెండే ఉండి ఒకటి తప్పితే ఏది తప్పిందో తేలదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశంలో కంపెనీలు కూడా ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో, లేదంటే వాటితో కలిసి నడిచే సర్వర్లతో టైం కలపాలని ఉంది, కాబట్టి ఆడిట్ వాళ్లు అడిగినా జవాబు దొరుకుతుంది. ఆ పాత కంప్యూటర్‌ను మాత్రం బయటి నుంచి ఎవరూ అడగకుండా రౌటర్‌లో టైం ప్రశ్నలు వచ్చే ద్వారం, అంటే 123 పోర్టు, మూసిపెట్టు. 2014లో ఇలా తెరిచి వదిలేసిన టైం సర్వర్లను అడ్డం పెట్టుకుని పెద్ద పెద్ద దాడులు చేశారు.

ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఏడు నిమిషాల తేడా ఉన్న యంత్రాన్ని పనివేళలో ఒక్కసారిగా సరిచేయకు. ముందున్న గడియారాన్ని వెనక్కి లాగితే, లారీ బయటికి పోయిన టైం లోపలికి వచ్చిన టైం కన్నా ముందు పడుతుంది. స్లిప్పుల వరుస తారుమారై, ట్రక్ షీట్‌తో కలవక అకౌంటెంట్ తల పట్టుకుంటాడు. పాత ఎన్‌టీపీ పద్ధతిలో గడియారాన్ని దూకించకుండా మెల్లగా జరిపే వేగం సెకనుకు అర మిల్లీసెకను. ఒక్క సెకను సర్దడానికి 33 నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాలు సర్దాలంటే దాదాపు పది రోజులు, చెంబుతో చెరువు తోడినట్టు. కాబట్టి రాత్రి ఆఖరి లారీ పోయాక, తూకం సాఫ్ట్‌వేర్ మూసేసి, అన్నిటినీ ఒకేసారి సరిచేయి. ఆ తర్వాత మెల్లగా జరిపే పని క్రోనీ చూసుకుంటుంది. ఆ రాత్రి ఏ యంత్రం ఎంత తేడా ఉందో రిజిస్టర్‌లో రాసి, సూపర్‌వైజర్‌తో సంతకం పెట్టించు. పాత వీడియోల మీద రేపు గొడవొస్తే ఆ ఒక్క పేజీయే అక్కరకొస్తుంది.

రికార్డర్ గురించి నాకు జరిగిన నష్టం చెప్పాలి. కొన్నేళ్ల కిందట జడ్చర్ల దగ్గర ఒక గోదాములో దొంగతనం జరిగింది. కెమెరాలు పెట్టింది నేనే. రికార్డర్‌లో ఎన్‌టీపీకి టిక్కు పెట్టాను, సర్వర్ పేరు రాశాను, సరిపోయిందనుకుని వచ్చేశాను. తీరా చూస్తే డీఎన్ఎస్ గడి ఖాళీగా వదిలేశాను. సర్వర్ పేరును అడ్రసుగా మార్చుకోలేక అది ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా టైం కలుపుకోలేదు. తెరమీద టిక్కు మాత్రం పచ్చగా ఉంది. వీడియోలో కనిపించిన టైంకు వాచ్‌మన్ డ్యూటీ వేరే మనిషిది. ఆ మనిషిని రెండ్రోజులు స్టేషన్ చుట్టూ తిప్పారు. గడియారం తేడా తెలిశాక వదిలేశారు గానీ, ఆ రెండ్రోజులు అతను పడ్డ బాధకు కారణం నేను వదిలేసిన ఆ ఖాళీ గడి. అప్పటి నుంచి టిక్కు చూసి ఎక్కడి నుంచీ రాను. టైంను కావాలని ఐదు నిమిషాలు తప్పు పెట్టి, గంట ఆగి, తనంతట తాను సరైందా లేదా చూసి వస్తాను. నువ్వూ అలాగే చేయి. లోపలి సర్వర్ పెట్టుకుంటే పేరు బదులు నేరుగా ఐపీ అడ్రస్ ఇవ్వొచ్చు, డీఎన్ఎస్‌తో పనే ఉండదు.

ఇంకొకటి, చాలామంది ఇన్‌స్టాల్ చేసేవాళ్లకే తెలియదు. నెట్‌వర్క్ కెమెరాలైతే బొమ్మ మీద అక్షరాల్లో పడే టైం రికార్డర్‌ది కాకుండా కెమెరాదే అయి ఉండొచ్చు. ప్రతి కెమెరాలోనూ సొంత గడియారం ఉంటుంది. రికార్డర్‌లో వెతికితే 11:42కు దొరికిన వీడియో మీద 11:35 అని రాసి ఉంటే అదే కారణం. ఒక్కో కెమెరా సెట్టింగ్‌లోకి పోయి దానికీ లోపలి సర్వర్ అడ్రస్ ఇవ్వు. టైం జోన్ 5:30 ఉందా, ఎండాకాలం గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ ఎక్కడైనా ఆన్‌లో ఉందా అని కూడా చూడు. కాంటా కంప్యూటర్‌లో పాత విండోస్ ఉంటే అది వారానికి ఒకసారే టైం అడుగుతుంది. వారంలో పది పన్నెండు సెకన్లు జారిపోగలదు, దాన్ని గంటకొకసారికి మార్చు. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందేమో కూడా చూడు. కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా ఏళ్ల వెనక తారీఖు చూపిస్తే అదే కారణం.

జీపీఎస్ మాట. నీ దగ్గరికి వచ్చినతను యూఎస్‌బీలో పెట్టే రకం అమ్ముతుంటే అసలే వద్దు. సెకను పల్స్ లేకుండా, టైంను అక్షరాల వాక్యంగా మాత్రమే పంపే జీపీఎస్‌లో ఆ వాక్యం కంప్యూటర్‌కు చేరేసరికి వందల మిల్లీసెకన్లు ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యం కూడా నిలకడగా ఉండదు. ఉపగ్రహం నుంచి వచ్చింది కదా అని నమ్మితే, నీ ఫైబర్ మీది ఎన్‌టీపీ కన్నా హీనంగా ఉంటుంది. పైగా జీపీఎస్ సొంత టైం మన ప్రపంచ సమయం కన్నా ఇప్పుడు 18 సెకన్లు ముందుంది. ఆ తేడా సమాచారం ఉపగ్రహం నుంచి అందడానికి పన్నెండున్నర నిమిషాల దాకా పట్టొచ్చు. అది అందేలోపు కొన్ని రిసీవర్లు తప్పు టైం ఇస్తాయి. పల్స్ ఉన్న మంచి రకం అయితే మైక్రోసెకన్లలో నిలబడుతుంది, కానీ అది సబ్‌స్టేషన్లకు కావాలి, మిల్లులకు కాదు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక చక్రం 20 మిల్లీసెకన్లు, ఆ చక్రాన్ని 360 డిగ్రీలుగా లెక్కిస్తే, ఒక్క మిల్లీసెకను తప్పితే 18 డిగ్రీల తేడా. లైన్ ఎక్కడ ముందు ట్రిప్ అయిందో తేల్చే చోట ఎన్‌టీపీ సరిపోదు. 5జీ టవర్లకు ప్లస్ మైనస్ ఒకటిన్నర మైక్రోసెకన్లలో కావాలి. అక్కడ జీపీఎస్, లేదా పీటీపీ అనే ఇంకో పద్ధతి వాడతారు. పీటీపీలో ప్యాకెట్ వచ్చిన టైంను నెట్‌వర్క్ కార్డు చిప్పే రాసుకుంటుంది, మధ్యలో స్విచ్చులు కూడా తమ దగ్గర ఎంత ఆలస్యమైందో చెప్పాలి. మీ స్విచ్చులు ఆ పని చేయవు, చేయాల్సిన అవసరమూ లేదు.

ఆ లారీ వీడియో మాత్రం చెరిగిపోకముందే తీసిపెట్టు. రికార్డర్ టైం సరిచేయకముందే, దాని తెర పక్కన నీ ఫోన్ పెట్టి, ఫోన్లో సరైన టైం, తెరమీద రికార్డర్ టైం రెండూ సెకన్లతో సహా కనపడేలా ఒక నిమిషం వీడియో తీయి. కాంటా కంప్యూటర్ ముందు కూడా అలాగే తీయి. దానికి ఎన్‌టీపీ ఏ రోజు పెట్టావో, పెట్టకముందు ఎంత తేడా ఉండేదో గుర్తుంటే రాసిపెట్టు. డ్రైవరుకు చూపించాల్సింది ఆ ఫోన్ వీడియోనే. ఈ గొడవలో అతనిది తప్పు కాకపోవచ్చు కూడా, ముందు లెక్క తేలనీ.

రేపు రికార్డర్‌లో డీఎన్ఎస్ గడి చూసి, కాంటా కంప్యూటర్‌లో ఎన్‌టీపీ చూపించే రాకపోకల టైం ఎంతో ఇక్కడ రాయి. పొద్దున ఒకసారి, సేటు కెమెరాలు చూస్తున్నప్పుడు ఒకసారి రాస్తే, మీ లైన్ ఎంత ఒరుగుతోందో కలిసి లెక్క వేద్దాం.